ఉరుము లేని పిడుగు

ఈసారి కూడా మన ఇందూరు చుట్టుపక్కలే మొదలుపెడతాను. కాకపోతే మధ్యలో ఒకసారి న్యూయార్క్ పోయి, స్విట్జర్లాండ్‌లో ఒక గుట్ట ఎక్కి, ఆస్ట్రియాలో ఇంకో గుట్ట ఎక్కి దిగాలి. కొంచెం ఓపిక పట్టండి.

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో పెరిగినవాళ్లకు షక్కర్‌నగర్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. ఆసియాలోనే పెద్దదని చిన్నప్పుడు బడిలో గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. ఆ కథ ఎవరిని కదిలించినా గంటసేపు చెప్తారు, నేను ఇవాళ దాంట్లోకి పోను. నాకు కావలసింది ఆ చిమ్నీలు, వాటి గురించి మా పెద్దనాయన చెప్పిన ఒక ముచ్చట.

పెద్దనాయన బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మొగులు కమ్మినప్పుడల్లా మా నానమ్మ "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ పిల్లల్ని లోపలికి తోలేది. పెద్దనాయన మాత్రం అరుగు మీదే కూర్చుని, "చిమ్నీ మీద పిడుగు పడ్తదని ఎవడు చెప్పిండురా మీకు? చిమ్నీకెళ్లే పైకి పోతది. నేను కండ్లార చూసిన" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. పిడుగు పైకి పోవడం ఏంది? మన భాషలోనే పిడుగు "పడుతుంది". లేచే పిడుగుకు మనకు మాట కూడా లేదు.

నేను చదివింది ఈఈఈ, చేసింది జావా. అయిదేళ్లు గచ్చిబౌలిలో కోడ్ రాసి, తర్వాత ఈ కెమెరా ముందు కూర్చున్నాను. ఇంజినీరింగ్‌లో హై వోల్టేజ్ పేపర్ ఒకటి ఉండేది. అందులో పిడుగు కరెంటు సుమారు 30 కిలో ఆంపియర్లు అని ఒక అంకె బట్టీ పట్టాను. 30 కిలో ఆంపియర్లంటే 30 వేల ఆంపియర్లు. మనింట్లో గీజర్ తీసుకునేది పది ఆంపియర్ల లోపే. సరే, ఆ అంకె ఎక్కడిది, ఎవరు కొలిచారు, ఎట్లా కొలిచారు? సార్ చెప్పలేదు, నేను అడగలేదు. రెండు మార్కుల ప్రశ్నకు అంతకంటే ఎక్కువ ఎవరు తవ్వుతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2009లో, నాకు పన్నెండేళ్లప్పుడు, మద్నూర్ దిక్కు మా మేనమామ చేనులో చింతచెట్టు కింద కట్టేసిన రెండు బర్లు చచ్చిపోయినయ్. ఎండకాలం చివర్లో వచ్చే గాలివాన, అరగంట కొట్టి పోయింది. చెట్టు మీద చిన్న గీత కూడా లేదు. ఇది వింత కాదు. చెట్టు మీద పడ్డ కరెంటు వేళ్ల దగ్గర నేలలోకి దిగి చుట్టూ పరుచుకుంటుంది. దూరం పోయేకొద్దీ వోల్టేజ్ తగ్గుతూ పోతుంది. పశువు ముందుకాళ్లు ఒక చోట, వెనుకకాళ్లు ఇంకో చోట, మధ్యలో గుండె. మనిషి రెండు కాళ్లు దగ్గరగా పెట్టుకుని బతికే చోట పశువు బతకదు. కానీ పరిహారం కోసం మామ పోయిన ఆఫీసులో, "పిడుగే అని రుజువేంది?" అన్నారు. మామ దగ్గర రుజువు లేదు. ఫైలు అక్కడే ఆగింది. ఆ ఇయర్లీ డబుల్ కిస్తీల బాధ పక్కన పెడితే, ఆ ప్రశ్న మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. పిడుగు పడిందని రుజువేంది? ఎంత పడిందని రుజువేంది?

పిడుగును కొలవాలని కూర్చున్న మొదటి మనుషుల్లో ఒకాయన ఆ పనిలోనే పోయాడు. గియోర్గ్ రిచ్‌మన్ అని, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్. 1753లో ఇంటి పైకప్పు మీద ఇనుప కడ్డీ పెట్టి, దాని నుంచి తీగ లోపలికి లాగి, చివర ఒక దారం, కోణాలు గుర్తుపెట్టిన పలక కట్టాడు. ఛార్జ్ ఎక్కువైతే దారం కడ్డీకి దూరంగా లేస్తుంది, ఎంత లేచిందో పలక మీద చదువుకోవాలి. అదే ఆయన మీటరు. ఆగస్టులో ఉరుములు మొదలవగానే రీడింగ్ చూద్దామని ముందుకు వంగాడు, అంతే. కడ్డీని భూమికి కలపలేదు. కలిపితే మరి దారం లేవదు. కొలవాలంటే ప్రమాదం, ప్రమాదం లేకుండా చేస్తే కొలత లేదు. ఆ చిక్కుముడి విప్పడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

విప్పిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది రాయితో చేసింది. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ పాకెల్స్ 1900 ప్రాంతంలో ఒక సంగతి పట్టుకున్నాడు. బసాల్ట్ రాయి, మన నల్లరాయి, దాంట్లో ఇనుప ఖనిజం ఉంటుంది. పక్క నుంచి పెద్ద కరెంటు ఒక్క క్షణం పోయినా చాలు, దాని అయస్కాంత క్షేత్రానికి రాయి కొంత అయస్కాంతం అయిపోతుంది. కరెంటు పోయినా ఆ గుర్తు పోదు. ఎంత గట్టిగా అయస్కాంతం పట్టిందో కొలిస్తే ఎంత కరెంటు పోయిందో వెనక్కి లెక్క కట్టొచ్చు. ఇటలీలో మోంతె చిమోనె కొండ మీద అబ్జర్వేటరీ పిడుగు కడ్డీ పక్కన బసాల్ట్ ముక్కలు పెట్టి, ఆయన తేల్చిన అంకెలు 11 వేలు, 20 వేల ఆంపియర్లు. ఒక రాతిముక్కతో! తర్వాత 1930ల నుంచి అమెరికా, యూరప్‌లలో రాయి బదులు చిన్న ఉక్కు ముక్కల కట్టలు చేసి కరెంటు లైన్ల టవర్లకు వేల సంఖ్యలో కట్టారు. వానలు అయిపోయాక పోయి విప్పుకొచ్చి కొలిచేవాళ్లు. సూత్రం మాత్రం అదే నల్లరాయి సూత్రం.

ఈ రాయిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రాయికి ఒక లోపం ఉంది. గరిష్ఠంగా ఎంత కరెంటు పోయిందో చెప్తుంది గానీ, ఎంతసేపు పోయింది, ఎట్లా పెరిగింది, ఎట్లా తగ్గింది చెప్పదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ లేదు, మ్యాక్సిమమ్ ఒక్కటే దొరికింది. లాగ్ కావాలంటే పిడుగు పడే చోట పరికరం ముందే పెట్టుకుని కూర్చోవాలి. ఎక్కడ పెడతాం? మన ఊళ్లో సెల్ టవర్ 40 నుంచి 60 మీటర్లు ఉంటుంది. ఏడాదికి చదరపు కిలోమీటరుకు అయిదు పిడుగులు పడే చోటు అనుకుందాం. ఇంజినీర్లు వాడే ఎరిక్సన్ సూత్రం ప్రకారం 60 మీటర్ల టవర్‌కు సుమారు రెండేళ్లకు ఒకటి తగులుతుంది. ఒక పీహెచ్‌డీ మొత్తానికి రెండో మూడో రీడింగులు. అందుకే ఈ చరిత్ర మొత్తం మహా ఎత్తయిన టవర్ల చుట్టూ, కొండల మీద టవర్ల చుట్టూ తిరుగుతుంది.

న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 1931లో పూర్తయింది, 381 మీటర్లు. దానికి సగటున ఏడాదికి ఇరవైకి పైగా పిడుగులు తగులుతాయి. పరిశోధకుడికి అంతకంటే ఏం కావాలి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్ కార్ల్ మెక్‌ఈక్రన్ 1935 నుంచి దాని వెంటపడ్డాడు. కొంత దూరంలో ఇంకో బిల్డింగ్ మీద కదిలే లెన్స్ కెమెరాలు పెట్టాడు, ఎంపైర్ స్టేట్ పైన కరెంటు రికార్డు చేసే ఏర్పాటు చేశాడు. 1939లో ఫలితాలు అచ్చువేశాడు. అప్పటికి దక్షిణాఫ్రికాలో షాన్‌లండ్ బృందం అలాంటి కెమెరాలతోనే మామూలు పిడుగు ఎట్లా దిగుతుందో చూపించింది. మబ్బు నుంచి ఒక సన్నని దారి మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. అది నేలను అందుకోగానే కింది నుంచి పైకి భగ్గుమని అసలు వెలుగు పోతుంది. మెక్‌ఈక్రన్ ఫిల్ములో ఎక్కువ భాగం దానికి తలకిందులుగా ఉన్నాయి. ఆ మొదటి సన్నని దారే బిల్డింగ్ కొస నుంచి బయలుదేరి మబ్బులోకి ఎక్కుతోంది. కొమ్మలు పైకి విచ్చుకున్నాయి.

ఇదే గుర్తుపట్టే ఉపాయం. పిడుగు ఫొటో దొరికితే కొమ్మలు చూడండి. చెట్టు వేళ్లలాగా కిందికి విడిపోతే అది దిగింది. చెట్టు కొమ్మల్లాగా పైకి విడిపోతే అది లేచింది.

రెండో సంగతి ఇంకా వింత. పైకి లేచిన పిడుగుల్లో మొదట వందల ఆంపియర్ల కరెంటు ఒకటి సెకనులో పదో వంతు, మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు నిలకడగా పారుతుంది. తర్వాత కొన్నింట్లో మామూలు పిడుగు దెబ్బలు వస్తాయి, కొన్నింట్లో అసలు రావు. రానివాటికి ఉరుము దాదాపు వినపడదు. ఉరుము అంటే గాలి ఉన్నట్టుండి వేడెక్కి పేలడం. మెల్లగా పారే కరెంటుకు ఆ పేలుడు లేదు. "ఉరుము లేని పిడుగు" అని మనం అనుకోని ఉపద్రవానికి వాడతాం. న్యూయార్క్ నడిబొడ్డున అది నిజంగానే ఉంది, జనం తల పైనే, ఎవరికీ వినపడకుండా.

ఎందుకు పైకి లేస్తుంది? మామూలు రోజున నేల దగ్గర విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు వంద వోల్టులు. ఉరుముల మబ్బు కింద అది వేల వోల్టులవుతుంది. ఎత్తయిన, మొనదేలిన కొస దగ్గర ఆ క్షేత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొస నుంచి సన్నగా ఛార్జ్ కారి, గొడుగులాగా పైన కమ్ముకుని కొసను కాపాడుతుంది. కానీ దగ్గర్లో ఇంకెక్కడో మెరుపు మెరిసి క్షేత్రం తటాలున మారితే ఆ గొడుగు సర్దుకునే లోపే కొస నుంచి దారి లేస్తుంది. ఒక్కోసారి ఏ పక్క మెరుపూ లేకుండా కూడా లేస్తుంది. చదునైన నేల మీద 100 మీటర్ల లోపు కట్టడాలకు ఇది అరుదు. 500 మీటర్లు దాటితే దాదాపు అన్నీ పైకి లేచేవే. గుట్ట మీద ఉంటే చిన్న టవర్ కూడా పెద్ద టవర్‌లాగా ప్రవర్తిస్తుంది. గుట్ట ఎత్తు దానికి అరువు దొరికినట్టు.

ఆ అరువు ఎత్తును వాడుకున్న మనిషి కార్ల్ బెర్గర్. నేను బట్టీ పట్టిన 30 ఆయనదే.

స్విట్జర్లాండ్ దక్షిణాన లుగానో సరస్సు ఒడ్డున మోంతె సాన్ సాల్వతోరె అనే కొండ. సముద్రమట్టానికి 900 మీటర్లు చిల్లర. ఒడ్డు నుంచి చూస్తే నిలువుగా లేచినట్టుంటుంది. బెర్గర్ జూరిక్ ఈటీహెచ్ మనిషి. 1943లో, చుట్టూ యుద్ధం నడుస్తుండగా, ఆ కొండ మీద 70 మీటర్ల టవర్ కొస దగ్గర కొలత మొదలుపెట్టాడు. 1950లో పక్క శిఖరం మీద రెండో టవర్. టవర్ కొసన పిడుగు కరెంటు దాటిపోయే దారిలో చిన్న రెసిస్టర్ ఒకటి, దానికి షంట్ అని పేరు. దాని మీద పుట్టిన వోల్టేజ్‌ను కేబుల్‌తో కిందికి తెచ్చి ఆసిలోగ్రాఫ్ తెర మీద గీతగా చూసి ఫిల్ము మీదికి ఎక్కించాలి. మనం ఇప్పుడు పాజ్, రివైండ్ అంటున్నాం. ఆయనకు గీత వచ్చిన ఆ క్షణమే పరికరం మేలుకుని ఉండాలి. లేకపోతే ఆ పిడుగు పోయినట్టే.

అట్లా దాదాపు ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. ఆ టవర్లకు తగిలిన వాటిలో చాలా వరకు పైకి లేచినవే. కానీ కరెంటు లైన్లు వేసే ఇంజినీర్లకు కావలసింది కిందికి దిగే పిడుగు లెక్క, ఎందుకంటే మామూలు ఎత్తు లైన్లకు తగిలేది అదే. పైకి లేచినవన్నీ పక్కన పెట్టి దిగినవి ఏరితే, 1963 నుంచి 1971 వరకు మంచి రికార్డులున్న నెగటివ్ మొదటి దెబ్బలు 101. వాటిని వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ 30 కిలో ఆంపియర్లు. నూటికి అయిదు 80 దాటాయి. అదే మార్గంలో తర్వాత వచ్చే దెబ్బలకు మధ్య విలువ 12. పాజిటివ్ పిడుగులు 26 దొరికాయి, వాటిలో మహా పెద్దవి ఉన్నాయి. బెర్గర్, ఆండర్సన్, క్రోనింగర్ ముగ్గురూ కలిసి 1975లో ఇది అచ్చువేశారు.

నూట ఒకటి. నా కాలేజీ సెక్షన్ కంటే ఓ ముప్పై ఎక్కువ. ప్రపంచంలో చాలా దేశాల పిడుగు రక్షణ లెక్కలకు పునాది అదే. మన దేశం వాడుతున్న ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణంలో మొదటి స్థాయి రక్షణకు 200 కిలో ఆంపియర్లు తట్టుకోవాలని ఉంటుంది. ఆ పట్టికల వేళ్లు కూడా ఆ కొండ మీదే ఉన్నాయి. నేను బెర్గర్‌ను తక్కువ చేయడం లేదు, ముప్పై ఏళ్లు ఒక గుట్ట మీద కనిపెట్టుకుని కూర్చున్న మనిషికి దండం పెట్టాలి. కానీ ఆల్ప్స్ పిడుగు, దక్కన్ పిడుగు ఒకటేనా?

ఆ అనుమానం నా ఒక్కడిది కాదు. బ్రెజిల్‌లో మోరో దో కషింబో అనే కొండ మీద 60 మీటర్ల టవర్ పెట్టి 1985 నుంచి కొలిచారు. 31 దిగే పిడుగుల మీద వాళ్లకు వచ్చిన మధ్య విలువ 45 కిలో ఆంపియర్లు. 30 ఎక్కడ, 45 ఎక్కడ. 31 చిన్న సంఖ్యే, దాన్ని పట్టుకుని పుస్తకాలు తిరగరాయలేం. కానీ ఉష్ణమండలంలో కొలిస్తే అంకె మారవచ్చని తెలియడానికి అది చాలు. అంతర్జాతీయంగా చేర్చుకున్న ఆ టవర్ కొలతల పట్టికల్లో స్విట్జర్లాండ్, ఇటలీ, దక్షిణాఫ్రికా, జపాన్, ఆస్ట్రియా, బ్రెజిల్ ఉన్నాయి. దక్కన్ లేదు.

ఇప్పుడు ఆస్ట్రియా. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది నా లాంటివాడి ఏరియా.

సాల్జ్‌బర్గ్ పక్కన గైస్‌బర్గ్ అని 1,287 మీటర్ల కొండ, దాని మీద 100 మీటర్ల రేడియో టవర్. 1998 నుంచి గెర్హార్డ్ డీన్‌డోర్ఫర్ బృందం దాని కొసన కొలుస్తోంది. అక్కడి షంట్ విలువ 0.25 మిల్లీఓమ్. ఓమ్ సూత్రం గుర్తుందా? 30 వేల ఆంపియర్లు పోతే పుట్టేది 7.5 వోల్టులు. అంత పిడుగును కొలిచేది ఏడున్నర వోల్టులు! ఆ సిగ్నల్ ఫైబర్ మీద కిందికి వస్తుంది. రాగి తీగ వేస్తే పిడుగే దాని మీద సవారీ చేస్తుంది, రిచ్‌మన్ కథ మళ్లీ మొదటికి. కింద రికార్డర్ సెకనుకు 2 కోట్ల శాంపిళ్లు తీసుకుంటుంది. ఒక్కో పిడుగుకు 800 మిల్లీ సెకన్లు. అంటే ఒక ఛానెల్‌కు కోటి అరవై లక్షల శాంపిళ్లు. ట్రిగ్గర్ పడ్డాక మొదలుపెడితే మొదలు పోతుంది కాబట్టి, బఫర్ తిరుగుతూనే ఉంటుంది. ట్రిగ్గర్‌కు ముందు 15 మిల్లీ సెకన్లు కూడా దాచిపెడుతుంది. బెర్గర్‌కు లేని సుఖం అది.

అసలు తెలివి ఎక్కడుందంటే, ఆ రికార్డర్ 8 బిట్ది. 8 బిట్లంటే 256 మెట్లు. మైనస్ 40 నుంచి ప్లస్ 40 కిలో ఆంపియర్ల వరకు ఒక్క ఛానెల్‌లో చూడాలంటే ఒక్కో మెట్టు 312 ఆంపియర్లు. ఇప్పుడు మెక్‌ఈక్రన్ చూసిన ఆ చప్పుడు లేని కరెంటు గుర్తుతెచ్చుకోండి, అది వందల ఆంపియర్లే. 200 ఆంపియర్లు పారితే ఈ ఛానెల్‌లో ఒక మెట్టు కూడా ఎక్కదు. సున్నా దగ్గర వణుకుతున్న గీత, నాయిస్ అనుకుని పోతాం. పరికరం పనిచేస్తూనే ఉంటుంది, పిడుగు పారుతూనే ఉంటుంది, రికార్డులో మాత్రం ఏమీ ఉండదు. అందుకే రెండో ఛానెల్ పెట్టారు, ప్లస్ మైనస్ 2 కిలో ఆంపియర్ల వరకే. దాంట్లో మెట్టు 16 ఆంపియర్ల లోపు. ఆ ఛానెల్ ఉండబట్టి ఒక విషయం తేలింది. గైస్‌బర్గ్‌లో పైకి లేచే పిడుగుల్లో దాదాపు సగం ఈ చప్పుడు లేని రకమే.

చప్పుడు లేదని చిన్నచూపు చూడొద్దు. బెర్గర్ లెక్కలో మామూలు మొదటి దెబ్బ మోసేది సుమారు 5 కూలంబుల ఛార్జ్. 300 ఆంపియర్లు సెకనులో మూడో వంతు పారితే వంద కూలంబులు. దెబ్బ కొడితే పగులుతుంది, ఇది పారితే కరుగుతుంది. వెల్డింగ్ షాపులో ఆర్క్ ఎట్లా పనిచేస్తుందో ఆలోచించండి. అనంతపురం, కర్నూలు గుట్టల మీద నిలబెట్టిన గాలిమరలకు ఈ లెక్క కావాలి. వంద మీటర్లు దాటిన రెక్క కొస, కింద గుట్ట ఇచ్చిన అరువు ఎత్తు, పైగా రెక్క తిరుగుతూనే ఉంటుంది.

మరి టవర్ లేని చోట సంగతి? అక్కడ కరెంటును తాకలేం, దూరం నుంచి దాని క్షేత్రాన్ని కొలవాలి. ఈ దారి వేసింది కేంబ్రిడ్జ్‌లో సి.టి.ఆర్. విల్సన్, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో. దూరంగా మెరిసినప్పుడు నేల దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత గెంతిందో చూసి, అక్కడ ఎంత ఛార్జ్ మాయమైందో లెక్కగట్టాడు. అంతకు కొంచెం ముందే 1908 వానకాలంలో మన సిమ్లాలో జార్జ్ సింప్సన్ వాన చినుకుల్లో ఛార్జ్ కొలిచాడు. అట్లా చూస్తే ఈ చరిత్రలో మన దేశం మొదటి పేజీల్లోనే ఉంది, తర్వాత పేజీలు మిస్సయ్యాం.

ఇప్పుడు పిడుగు పడితే వెలువడే రేడియో తరంగం నాలుగైదు సెన్సర్లకు ఏ మైక్రో సెకనులో చేరిందో చూసి చోటు పట్టేస్తారు. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీకి అలాంటి సెన్సర్ల నెట్‌వర్క్ ఉంది. పుణె ఐఐటీఎం వాళ్ల నెట్‌వర్క్ మీద దామిని యాప్ నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని చెప్పినప్పుడు పేపర్లన్నీ రాశాయి. అంత లెక్క చెప్పగలిగింది ఈ సెన్సర్ల వల్లే. జాతీయ నేర గణాంకాల్లో పిడుగు చావులు 2020లో 2,862, ఆ తర్వాత రెండేళ్లలోనూ 2,880కి తక్కువ లేవు. ఎక్కువగా పొలాల్లో పనిచేసేవాళ్లు. ముందు చెప్పే యాప్ ఒక్క ప్రాణం నిలబెట్టినా మేలే, నేను ఫోన్‌లో పెట్టుకున్నా, మామ ఫోన్‌లోనూ పెట్టాను.

కానీ ఆ నెట్‌వర్క్‌కు కనపడేది తటాలున లేచే తరంగం. పిడుగు దెబ్బ కొట్టినప్పుడే ఆ తరంగం వస్తుంది. మెల్లగా పారే చప్పుడు లేని కరెంటు దానికి కనపడదు. గైస్‌బర్గ్ రికార్డును ఆస్ట్రియా నెట్‌వర్క్ రికార్డు పక్కన పెట్టి చూస్తే, టవర్‌లో నమోదైన ఆ సగం పిడుగులు నెట్‌వర్క్‌లో లేవు. ఇంకోటి, నెట్‌వర్క్ ఫలానా పిడుగు 40 కిలో ఆంపియర్లు అని చెప్తే అది కొలిచిన అంకె కాదు. క్షేత్రం ఎంత గెంతింది, దూరం ఎంత, కరెంటు ఎంత వేగంతో పైకి పోతుంది అనే ఊహ, వీటి నుంచి కట్టిన లెక్క. ఆ లెక్కను ఎవరు సరిచూస్తారు? మళ్లీ ఆ టవర్లే, లేదా అమెరికాలో ఫ్లోరిడాలో చేసినట్టు మబ్బులోకి తీగ కట్టిన రాకెట్ వదిలి రప్పించుకున్న పిడుగులు. టవర్‌లోనూ తిరకాసు ఉంది. టొరంటో సీఎన్ టవర్ 553 మీటర్లు. కొస నుంచి కరెంటు అల నేలకు పోయి తిరిగి రావడానికి దాదాపు 3.7 మైక్రో సెకన్లు. ఈ లోపు పైనుంచి ఇంకా కొత్త కరెంటు దిగుతూనే ఉంటుంది. పోయేది, వచ్చేది కలిసిపోతాయి. కాబట్టి అక్కడ కొలిచిన గీతలో పిడుగు ఎంత, టవర్ ఎంత అని మళ్లీ విడదీయాలి. స్విట్జర్లాండ్ సెంటిస్ కొండ మీది 124 మీటర్ల టవర్‌లో 2010 నుంచి రెండు వేర్వేరు ఎత్తుల్లో కొలుస్తున్నది అందుకే.

మన తెలుగు నేల మీద ఈ శాస్త్రం గట్టిగా అక్కరకొచ్చిన చోటు శ్రీహరికోట. లాంచ్ ప్యాడ్ చుట్టూ నిలబడ్డ ఆ ఎత్తయిన టవర్లు పిడుగుల కోసమే. పిడుగు తగిలినప్పుడు వాటిలో కరెంటు ఎట్లా పంచుకుంటుందో బెంగళూరు ఐఐఎస్‌సీ హై వోల్టేజ్ పరిశోధకులు లెక్కలు కట్టారు. రాకెట్‌కు ఆ జాగ్రత్త ఎందుకో 1969 నవంబర్ 14న అమెరికన్లకు అర్థమైంది. అపోలో 12 లేచిన 36 సెకన్లకు ఒకటి, 52 సెకన్లకు ఇంకోటి తగిలాయి. అక్కడ సహజంగా మెరుపులు లేవు. పొగ తోకతో సహా రాకెట్టే ఒక మహా ఎత్తు టవర్ అయి పిడుగును పుట్టించుకుంది.

సరే, పెద్దనాయన సంగతికి వద్దాం. చదునైన నేల, వంద మీటర్లకు రాని చిమ్నీ. పుస్తకం ప్రకారం అక్కడి నుంచి పిడుగు లేవడం అరుదు. పైగా దిగే పిడుగులో కూడా అసలు వెలుగు కింది నుంచి పైకే పోతుంది, అయితే కంటికి అందని వేగంతో. ఆయన చూసింది ఏంటని అడిగితే, "కొమ్మలు పైకి ఉండె. చప్పుడు రాలే. గందుకే యాదికున్నది" అన్నాడు. కొమ్మల గురించి, చప్పుడు గురించి నేను ఇంకా ఆయనకు ఏం చెప్పలేదు. కళ్లజోడు లేని రోజుల్లో రాత్రి డ్యూటీలో చూసిన సంగతి, నలభై ఏళ్ల కిందటిది. నేను దాన్ని రుజువు అనను. కానీ ఇప్పుడు నవ్వను.

పోయిన నెల మద్నూర్ దిక్కు మామ చేనుకు పోయాను. ఆ పక్కంతా నల్లరేగడి, కింద నల్లరాయి, పాకెల్స్ వాడిన రాయే. భూమి పాత అయస్కాంతాన్ని చదివే శాస్త్రవేత్తలకు ఇలాంటి రాళ్లతో ఒక తలనొప్పి ఉంటుంది, పిడుగు తగిలిన రాయి పాత గుర్తు చెరిగిపోయి కొత్త గుర్తు వేసుకుంటుంది, దాన్ని పక్కన పారేయాలి. వాళ్లు పారేసేది నాకు కావాలి. చింతచెట్టు ఇప్పుడు లేదు, మొద్దు ఉంది. పక్కన గట్టు మీద నల్లరాళ్లు. స్టేషనరీ షాపులో కొన్న చిన్న దిక్సూచి పట్టుకుని ఒక్కో రాయి మీద తిప్పాను. రెండు రాళ్ల దగ్గర సూది కొంచెం జరిగింది. మూడో దాని మీద ఒక కొసన ఒక దిక్కు చూపించి, జానెడు పక్కకు జరిపితే గిర్రున తిరిగి ఎదురు దిక్కు చూపించింది. నల్లరాయికి పుట్టుకతోనే కొంత అయస్కాంతం ఉంటుంది. ల్యాబ్‌లో పరీక్షించకుండా ఇది 2009 పిడుగుదని నేను చెప్పను, మామకు కూడా అదే చెప్పాను. ఆయన దిక్సూచి చేతిలోకి తీసుకుని నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి చూశాడు. "అప్పుడే ఎరుకైతే ఈ రాయినే మోస్కపోయి ఆఫీసుల పెడ్తుంటి గదరా" అన్నాడు.

షక్కర్‌నగర్ వైపు కనపడేటట్టు ఒక మిద్దె మీద పాత ఫోన్ పెట్టి వచ్చాను, మొగులైనప్పుడల్లా రికార్డు చేసేటట్టు చిన్న కోడ్ రాసి. వానకాలం అయ్యాక ఏం పడిందో, ఏం లేచిందో చూద్దాం. ఉంటా మరి.